పారిపోయే చుక్కలు

మా ఇంట్లో ఉన్నది అటారీ కాదు. 1981లో చికాగో శివార్లలోని బడిలో ఈ ముక్క ఒక్కసారి బయటపడితే చాలు, ఆ పిల్ల ఇంటికి ఆడుకోడానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఏ ఇంట్లో ఏ వీడియో ఆటల పెట్టె ఉందో వీధి మొత్తానికి తెలుసు. ముందువైపు చెక్క రంగు పట్టీ ఉన్న అటారీ చాలా ఇళ్ళలో ఉండేది. వీధి చివరి ఇంటివాళ్ళకి మాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ ఉండేది. ఆ ఇంట్లో అన్నీ ఖరీదైనవే. మాది మాగ్నవాక్స్ వాళ్ళ ఒడిస్సీ 2. నలుపూ వెండిరంగూ కలిసిన వెడల్పాటి పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, ముందువైపు టైపు మిషను మీద ఉన్నట్టు వరసగా అక్షరాలు.

ఆ అక్షరాలే మా కొంప ముంచాయి. నాన్న ఇంజనీరు. తెనాలి నుంచి అమ్మనీ నన్నూ తీసుకొచ్చిన కొత్త. ఆటలకి డబ్బు తగలేసే మనిషి కాదు. దుకాణంలో ఆ కీబోర్డు చూడగానే, "ఇది ఆటవస్తువు కాదు, కంప్యూటరు. పిల్లకి పనికొస్తుంది" అని అమ్మకి నచ్చజెప్పి కొన్నాడు. కంపెనీ ప్రకటనలు కూడా ఆ కీబోర్డు గురించే గొప్పలు చెప్పేవి. నిజానికి అవి మీటలే కావు, చదునైన ప్లాస్టిక్ రేకు మీద అచ్చేసిన అక్షరాలు. నొక్కితే వేలికి ఏమీ తగలదు, నొక్కుకుందో లేదో తెర చూసి తెలుసుకోవాలి. కంప్యూటర్ ఇంట్రో అని ఒక కార్ట్రిడ్జి విడిగా అమ్మేవాళ్ళు. దానితో ఆ యంత్రానికి దాని భాషలోనే ఆదేశాలివ్వడం నేర్చుకోవచ్చు. నాన్న చలికాలమంతా సాయంత్రాలు దానితో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చుని, చివరికి రెండు అంకెలు కూడించగలిగాడు. "ఇదేదో నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదండీ" అంది అమ్మ. ఆ తర్వాత పెట్టె పూర్తిగా నాదైపోయింది.

పెట్టె నాదైనా టీవీ నాది కాదు. ఇంటికి ఒకటే టీవీ. దాని వెనక యాంటెన్నా తీగ బిగించే మరల దగ్గర అగ్గిపెట్టెకి అన్నలాంటి ఒక స్విచ్ వేలాడుతుండేది, ఒకవైపు తోస్తే టీవీ, ఇంకోవైపు తోస్తే ఆట. ఛానల్ మూడుకో నాలుగుకో తిప్పాలి. బొమ్మ మసకగా ఉంటే ఆ స్విచ్‌ని కాస్త కదపాలి, మరీ కదిపితే తీగ ఊడొస్తుంది. నాన్న వార్తల టైమయ్యేసరికి స్విచ్ మళ్ళీ టీవీ వైపుకి వచ్చేయాలి, ఆట ఎంత రసపట్టులో ఉన్నా సరే. పెట్టెకి గుర్తుంచుకునే శక్తి లేదు. ఆపితే అంతా పోయినట్టే.

ఇక పాక్‌మాన్. నామ్‌కో కంపెనీలో టోరు ఇవటాని తయారుచేసిన ఆ ఆట 1980లో జపాన్‌లో మొదలై, అదే ఏడు మిడ్‌వే కంపెనీ చేతుల మీదుగా అమెరికాలోకి వచ్చింది. మిడ్‌వే ఎక్కడో లేదు, మా ఊరి విమానాశ్రయానికి దగ్గర్లో ఫ్రాంక్లిన్ పార్కులో ఉండేది. పిజ్జా కొట్లో, బట్టలుతికే కొట్లో, మాల్‌లో, ఎక్కడ చూసినా ఆ పసుపుపచ్చ నోరే. మూడు నిమిషాల సంబరానికి పాతిక సెంట్ల నాణెం ఒకటి. అమ్మ అప్పటికింకా ప్రతి ఖర్చునీ రూపాయల్లోకి మార్చి చూసుకునేది. పాతిక సెంట్లంటే రెండు రూపాయల పైమాటే. "రెండు రూపాయలు పోసి నోరాడించడం చూడాలా?" అనేది. అందుకని నేను చూసింది ఎక్కువగా వేరే పిల్లలు ఆడుతుంటే పక్కన నిలబడే. నిలబడి చూసినా చాలా నేర్చుకోవచ్చు. చిక్కుదారిలో ఆ నోటి వెంటపడే నాలుగు దయ్యాలదీ నాలుగు రకాల నడక. ఎర్రది తరుముతుంది, గులాబీది ముందుకొచ్చి అడ్డంపడుతుంది. తెరమీద మొత్తం 244 చుక్కలుంటాయి, అందులో నాలుగు పెద్దవి. ఇవన్నీ తెలుసుకుని ఏం లాభం, మా పెట్టెకి పాక్‌మాన్ రాదు. ఇంటికి తెచ్చుకునే పాక్‌మాన్ హక్కులు అటారీవి.

అలాంటి రోజుల్లో కె. సి. మంచ్‌కిన్ అనే ఆట వచ్చింది. ఒడిస్సీ కార్ట్రిడ్జిలన్నిటికీ పైన పట్టుకోడానికి పిడి ఉంటుంది, పేరు చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఏ ఆటకైనా సరే, కంపెనీ వాళ్ళకి అంత ఆశ్చర్యం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మేం కొన్న దుకాణంలో అమ్మే కుర్రాడు "ఇది ఒడిస్సీ వాళ్ళ పాక్‌మాన్" అని చెప్పాడు. నాన్నకి ఆ మాట చెవికెక్కలేదు. నాకు ఎక్కింది.

ఇంటికొచ్చి పెట్టాక తెలిసింది, ఇది పాక్‌మాన్ కాదు. చిక్కుదారి ఉంది, తినే నోరుంది, తరిమే దయ్యాలున్నాయి, మినుకుమనే చుక్క తింటే కాసేపు దయ్యాలే మనల్ని చూసి పరిగెడతాయి. అంతవరకూ అదే. కానీ చుక్కలు మొత్తం పన్నెండే. ఆ పన్నెండూ ఉన్నచోట ఉండవు. గూడు తలుపు తీయగానే చెల్లాచెదరయ్యే కోడిపిల్లల్లా పారిపోతుంటాయి. కొన్ని తినేసరికి మిగిలినవాటికి వేగం పెరుగుతుంది. ఆఖరి చుక్క మన మంచ్‌కిన్‌తో సమానంగా పరిగెడుతుంది. వెనకపడితే జన్మకి దొరకదు. అది ఎటు తిరగబోతోందో ముందే పసిగట్టి, ఎదురెళ్ళి పట్టాలి. ఈలోగా మూడు దయ్యాలు మన వెనకాలే. మధ్యలో ఒక గది గిరగిరా తిరుగుతుంటుంది, దానికి ఒకవైపే తలుపు. తిన్న దయ్యం మళ్ళీ ప్రాణం పోసుకునేది అక్కడే. పాక్‌మాన్‌లో మనకి మూడు ప్రాణాలుంటాయి, ఇక్కడ ఒకటే. దొరికిపోతే లెక్క మళ్ళీ సున్నా నుంచి. చుక్కకి ఒక పాయింటు, మినుకుమనే చుక్కకి మూడు, దయ్యాలకి ఐదూ పదీ ఇరవై. పాక్‌మాన్ వీరులు పదివేలూ లక్షలూ చెప్పుకునేవాళ్ళు. మా ఇంట్లో వంద దాటితే అమ్మని వంటింట్లోంచి పిలిచేదాన్ని.

మంచ్‌కిన్‌ది నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. నెత్తిన చిన్న కొమ్ములు. పక్కకి పోతున్నప్పుడు నోరు తెరిచి మూస్తాడు. ఆగితే మాత్రం మన వైపు తిరిగి నవ్వుతాడు. దయ్యం వెనకే ఉన్నా సరే నవ్వుతాడు. పాక్‌మాన్ ఎప్పుడూ మన వంక చూడలేదు.

ఈ ఆట రాసినాయన పేరు ఎడ్ ఎవరెట్. ఇంటెల్‌లో ఉద్యోగం మానేసి, భార్య లిండాతో కలిసి టెనెస్సీలో ఉంటూ సొంతంగా ఆటలు రాసి మాగ్నవాక్స్‌కి ఇచ్చేవాడు. ఒడిస్సీ 2 ఆటల్లో ఇరవైకి పైగా ఆయన చేతివే. ఆయన ఉన్న పరిస్థితి ఏమిటో నాకు పెద్దయ్యాక, ఆ పెట్టెలోపల ఏముందో చదివాక గాని అర్థం కాలేదు. దాని గుండె ఇంటెల్ 8048 చిప్పు. తాత్కాలికంగా గుర్తుపెట్టుకోడానికి చిప్పులోపల 64 బైట్లు, బయట ఇంకో 128. ఈ పేరాలో ఒకటి రెండు వాక్యాలు రాస్తే నిండిపోయేంత చోటు. కార్ట్రిడ్జిలో మామూలుగా 2 కిలోబైట్లు. మంచ్‌కిన్‌కి 4 ఇచ్చారు, అది వాళ్ళ లెక్కలో ధారాళం. బొమ్మలు గీసే చిప్పు ఇంకోటి. దానిలోపలే 64 ఆకారాలు ముందుగా అచ్చుపోసి పెట్టేశారు: అక్షరాలు, అంకెలు, చెట్టు, పరిగెత్తే మనిషి. అందుకే ఒడిస్సీలో బౌలింగ్ ఆడేవాడూ తుపాకీ పట్టుకున్న కౌబాయ్ కూడా అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు. ఆట రాసేవాడు కొత్తగా గీసుకోగలిగిన బొమ్మలు నాలుగే. ఆ అచ్చు ఆకారాల్లో విడివిడిగా, ఎక్కడ పడితే అక్కడ పెట్టగలిగినవి పన్నెండు. వెనక గళ్ళుగా గీతలు గీసే ఏర్పాటు ఒకటి, ఏ గీత ఉండాలో ఏది ఉండకూడదో ఆటే చెప్పాలి.

ఇప్పుడు లెక్క కట్టి చూడండి. బొమ్మలు నాలుగు: మంచ్‌కిన్ ఒకడు, దయ్యాలు మూడు. ఆకారాలు పన్నెండు: చుక్కలు పన్నెండు. గళ్ళ గీతలు: చిక్కుదారి. 244 చుక్కలు పరవడం ఆ యంత్రం వల్ల అయ్యే పని కాదు. పన్నెండు చుక్కలు కదలకుండా కూర్చుంటే ఆట నిమిషంలో ముగిసిపోతుంది. కనక చుక్కలకి కాళ్ళొచ్చాయి. లేమిలోంచి పుట్టిన ఈ ఉపాయమే ఆటకి ప్రాణం. ఉన్న చుక్కల్ని ఊడ్చుకుంటూ పోవడం పాక్‌మాన్ పని, పారిపోయేదాన్ని వెంటాడడం మంచ్‌కిన్ పని. రెండూ ఒకే ఆట అంటే నేను ఇవాళ్టికీ ఒప్పుకోను.

గీతలు ఉండడం, లేకపోవడం ఆట చేతిలోనే ఉందన్నాను కదా, ఎవరెట్ ఇంకో అడుగు ముందుకేసి ఆ పనిని ఆడేవాళ్ళ చేతిలో పెట్టాడు. కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే మన చిక్కుదారి మనమే గీసుకోవచ్చు. ఇక్కడ గోడ లేపు, అక్కడ కొట్టెయ్. నాన్న కీబోర్డు చివరికి అక్కరకొచ్చింది. కనిపించని చిక్కుదారి ఇంకో రకం: మనం కదలగానే గోడలు మాయమైపోతాయి, దారి మనసులో పెట్టుకుని పోవాలి. అది ఆడుతుంటే చూసేవాళ్ళకి మనకేదో పట్టిందనిపిస్తుంది.

గీసుకున్న చిక్కుదారి కరెంటు తీస్తే పోతుంది. అందుకని నాన్న ఆఫీసు నుంచి గ్రాఫు కాగితాలు తెచ్చి ఇచ్చేవాడు. అడ్డం తొమ్మిది, నిలువు ఎనిమిది అని గళ్ళు కొట్టుకుని, నచ్చిన దారులన్నీ పెన్సిలుతో ఎక్కించుకునేదాన్ని. ప్రతిదానికీ ఒక పేరు. మా తెనాలి ఇంటి వెనక సందు ఒకటి, గాంధీచౌక్ ఒకటి, అమ్మమ్మగారి ఊళ్ళో చేనుగట్టు ఒకటి. చికాగో వీధులన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. వాటిలో దయ్యాన్ని తప్పించుకోడానికి చోటే లేదు. వంకరటింకర సందులు కావాలంటే ఊరు గుర్తు తెచ్చుకోవాల్సిందే.

ఆ రోజుల్లో శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో తెలుగువాళ్ళంతా చేరేవాళ్ళు. తలా ఒక గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. ఒకరు పులిహోర, ఒకరు గుత్తొంకాయ, కొత్తగా పెళ్ళయి వచ్చినవాళ్ళు డెవాన్ వీధిలో కొన్న మిఠాయి. మగవాళ్ళు చీట్లపేక, ఆడవాళ్ళు వంటింటి బల్ల చుట్టూ కబుర్లు, పిల్లలు బేస్‌మెంట్‌లోకి. మా ఇంట్లో వంతు వచ్చినప్పుడు టీవీ దగ్గర తగువు తప్పేది కాదు. అప్పటికి కొందరి దగ్గర వీసీఆర్‌లున్నాయి. వాళ్ళు పెట్టెతో సహా దిగి, నాగేశ్వరరావు సినిమా క్యాసెట్ వేయమనేవాళ్ళు. టీవీ వెనక మరలకి రెండు తీగలు ఒకేసారి పట్టవు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. భోజనాల దాకా పిల్లలది, భోజనాల తర్వాత నాగేశ్వరరావుది.

ఆ శనివారాల్లోనే అటారీ ఉన్న పిల్లలు కూడా మొదటిసారి మంచ్‌కిన్ ఆడారు. మొదట వెక్కిరించారు. దొంగ పాక్‌మాన్ అన్నారు. ఆఖరి చుక్క వాళ్ళకి ఎంతసేపటికీ దొరక్కపోయేసరికి నోళ్ళు మూశారు. ప్రాణం ఒకటే కాబట్టి వంతు త్వరగా వచ్చేది. పదిమంది పిల్లలున్న ఇంట్లో అది వరం. మూడు ప్రాణాల ఆటయితే ఒకడే అరగంట కూర్చుంటాడు.

డెట్రాయిట్ నుంచి మా మేనత్త వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఆట రంగు మారిపోయేది. మేనత్త కొడుకు శేఖర్ బావ నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను గీసిన చిక్కుదారుల్ని ఒక్కసారి చూసి, "ఏంటే ఇది, దయ్యాలకి తోవ లేకుండా కట్టేశావు. ఇది ఆటా, కోటా?" అనేవాడు. ఆటలో అత్యధిక స్కోరు కొట్టినవాళ్ళు తెరమీద తమ పేరు రాసుకోవచ్చు. ఎవరూ రాయకపోతే ప్రశ్న గుర్తులుంటాయి. పేరుకి ఆరు ఇంగ్లీషు అక్షరాలే చోటు. ఎస్, ఇ, కె, హెచ్, ఎ, ఆర్, బావ పేరు కొలిచి కోసినట్టు సరిపోయేది. నా పేరు అనసూయ. ఏడు. చివరి అక్షరం పట్టేది కాదు. అప్పట్నుంచి బావకి నేను అనసూయ్‌ని. వెంకటేశ్వర్లుగారబ్బాయి వెంకట్‌తో సరిపెట్టుకున్నాడు. సత్యనారాయణమూర్తి అని పెట్టినవాళ్ళబ్బాయి ఆటే మానేశాడు.

మేమిలా ఆడుకుంటున్నప్పుడే, మా ఊళ్ళోనే, ఈ ఆట మీద కోర్టులో వ్యాజ్యం నడుస్తోందని మాకు తెలియదు. 1981 నవంబరులో అటారీ, మిడ్‌వే కలిసి మాగ్నవాక్స్ యజమాని నార్త్ అమెరికన్ ఫిలిప్స్ మీద చికాగో ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. మంచ్‌కిన్ మా పాక్‌మాన్‌కి కాపీ, అమ్మకం ఆపించండి అని. జిల్లా జడ్జి జార్జ్ లేటన్ డిసెంబరులో కుదరదన్నాడు. వాళ్ళు అప్పీలుకెళ్ళారు. 1982 మార్చి 2న ఏడో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ ఉత్తర్వుని తిరగేసింది. తీర్పు రాసింది జడ్జి హార్లింగ్టన్ వుడ్. మంచ్‌కిన్ దుకాణాల నుంచి వెళ్ళిపోయింది.

మాగ్నవాక్స్ కోర్టు మెట్లెక్కడం అది మొదటిసారి కాదు. అంతకుముందు ఎక్కించింది తనే. టీవీకి తగిలించి ఆడే మొట్టమొదటి పెట్టె, 1972 నాటి ఒడిస్సీ, రాల్ఫ్ బేర్ ఆలోచన. దాని పేటెంట్లు పట్టుకుని మాగ్నవాక్స్ పాంగ్ విషయంలో అటారీని కోర్టుకి లాగితే, 1976లో అటారీ రాజీపడి లైసెన్సు తీసుకుంది. ఆరేళ్ళు తిరక్కుండానే ఆ బాకీ వడ్డీతో తీరింది.

ఆ తీర్పు నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చట్టం తెలిసినదాన్ని కాదు గాని, కథ చదివినట్టు చదవొచ్చు. ఎవరెట్టూ కంపెనీలో ఆటల విభాగం చూసే ఆయనా పాక్‌మాన్‌ని మొదట చూసింది ఒక విమానాశ్రయంలోని ఆటల గదిలో. తయారైన మంచ్‌కిన్ మొదట పసుపుపచ్చగానే ఉండేవాడు, కంపెనీ చెప్పి రంగు మార్పించింది. పాక్‌మాన్ పేరెత్తకుండా అమ్మండి అని లోపల ఆదేశాలూ ఇచ్చింది. అయినా చికాగో పేపర్లలో దుకాణాల ప్రకటనలు పాక్‌మాన్ లాంటి ఆట అనే వేశాయి. వాది తరఫు మనుషులు కొట్లకెళ్ళి ఆరా తీస్తే అమ్మేవాళ్ళు కూడా అదే మాట చెప్పారు. కోర్టు ఈ మాటలన్నీ తీర్పులోకి ఎక్కించింది. మాకు అమ్మిన కుర్రాడి లాంటివాళ్ళే కంపెనీని నిలువునా ముంచారన్నమాట.

న్యాయం మాట కూడా చెప్పాలి. కోర్టు చిక్కుదారి ఎవరి సొత్తూ కాదంది. పాయింట్ల పట్టికా అంతే. తరుముడు ఆట అనే ఊహకి హక్కుదారు లేడు. ఆ మాటకొస్తే పాక్‌మాన్ కంటే ముందే, 1979లో, సెగా వాళ్ళ హెడ్ ఆన్ ఆటలో కార్లు చుక్కలు తినుకుంటూ పరిగెత్తాయి. కోర్టు పట్టుకున్నది నోటినీ దయ్యాల్నీ. ఆ రూపాలు పూర్తిగా ఒకరి కల్పన, ఆట నడవడానికి అవే ఉండాలని ఏమీ లేదు, అవి తీసుకోవడం తప్పు అంది. ఇది కాదనడం కష్టం. దయ్యాలు నిజంగానే అటుంచి ఇటొచ్చినట్టుంటాయి, కాళ్ళు కదపడంతో సహా.

కానీ తీర్పులో ఒకచోట కోర్టు ఇంకో మాట అంది. చిత్రకారుడి బొమ్మ చూసేవాళ్ళ లాంటివాళ్ళు కారు ఈ వీడియో ఆటల జనం, వీళ్ళకి సన్నని తేడాలు పెద్దగా పట్టవు, పోటీ ఉద్రేకమే వీళ్ళకి కావలసింది, అని. ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. సన్నని తేడాలు పట్టనిది ఎవరికి? అటారీ లేని ఇంట్లో పుట్టిన పిల్లకి బతుకంతా ఆ తేడాలే. మంచ్‌కిన్ ఎందుకు వేరో, ఎక్కడ మేలో, ఎక్కడ తక్కువో నిరూపించుకుంటూనే మేం బడికెళ్ళాం. గది తలుపు ఏ వైపు తిరిగినప్పుడు దూరాలో, ఆఖరి చుక్క ఏ మూల దగ్గర తడబడుతుందో మాకు తెలుసు. ఆ బెంచీ మీద ఉన్న ముగ్గుర్లో ఒక్కరైనా ఆఖరి చుక్కని పట్టి ఉంటారని నేననుకోను.

ఆ మార్చిలోనే అటారీ వాళ్ళ ఇంటి పాక్‌మాన్ కూడా వచ్చింది. ఏడాదిగా ఎదురుచూస్తున్న వీధంతా ఎగబడింది. అటారీ కార్ట్రిడ్జిల్లో అంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. ఎదురింటి అమ్మాయి ప్రత్యేకంగా పిలిస్తే చూడ్డానికెళ్ళాను. టాడ్ ఫ్రై అనే కుర్రాడు అదే 4 కిలోబైట్లలో ఇరికించాడు దాన్ని. దయ్యాలన్నిటినీ ఒకేసారి గీయడానికి యంత్రానికి చేతకాదు, అందుకని వంతులవారీగా గీశారు. దాంతో అవి సరిగా కనిపించకుండా ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. నల్లటి తెర స్థానంలో నీలం, చుక్కల స్థానంలో చిన్న చిన్న అడ్డగీతలు, పక్కలకి ఉండాల్సిన సొరంగాలు పైనా కిందా. ఆ పిల్ల ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక అమ్మతో చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. పేరు కొనుక్కున్నవాళ్ళ దగ్గర ఆట లేదు, ఆట ఉన్నవాళ్ళకి పేరు లేదు. అధికారికంగా పాక్‌మాన్ అయినది పాక్‌మాన్‌కి దూరం, కోర్టు కాపీ అన్నది తనకంటూ ఒక ఆట.

ఇలాంటి అనాథ పాక్‌మాన్‌లు ఆ రెండు మూడేళ్ళలో ఇంకా చాలా పుట్టాయి. ఎమర్సన్ వాళ్ళ ఆర్కేడియా 2001 అని ఒక పెట్టె ఉండేది. దాని మీద క్యాట్ ట్రాక్స్ అనే ఆటలో మనం పిల్లి, తరిమేది మూడు కుక్కలు. మందు తాగితే పిల్లి ఏకంగా కుక్కల్ని పట్టే మునిసిపాలిటీ బండిగా మారిపోతుంది. ఇంతకంటే న్యాయమైన ఊహ నాకు ఏ చిక్కుదారి ఆటలోనూ కనబడలేదు. వెక్ట్రెక్స్ అనే ఇంకో పెట్టెలో తినేది వాక్యూమ్ క్లీనరు. అన్నిటికంటే విచిత్రం ఆస్ట్రోకేడ్ అనే పెట్టెది. దాన్ని మొదట అమ్మింది బాలీ కంపెనీ, అంటే పాక్‌మాన్‌ని అమెరికాకి తెచ్చిన మిడ్‌వేకి సొంత యజమాని. ఇంటి హక్కులు అటారీకి పోయినందువల్ల సొంతింటి పెట్టె మీద పాక్‌మాన్ రాలేదు, ఎవరో చిన్న కంపెనీ వాళ్ళ మంచీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకోపక్క, ఎంఐటీ చదువు వదిలేసిన కుర్రాళ్ళు కొందరు జనరల్ కంప్యూటర్ అనే కంపెనీ పెట్టుకుని పాక్‌మాన్ యంత్రాన్ని మార్చి క్రేజీ ఒట్టో అని తయారుచేస్తే, మిడ్‌వే దాన్ని కొనేసి 1982లో మిస్ పాక్‌మాన్ పేరుతో తనే అమ్మింది. పక్కవాడి ఆటని మార్చినవాడు మిడ్‌వే గడప ఎక్కితే బంధువు, ఎక్కకపోతే దొంగ.

యూరప్‌లో ఒడిస్సీ 2 పేరు ఫిలిప్స్ వీడియోపాక్. అక్కడ ఆటలకి నంబర్లుంటాయి, మంచ్‌కిన్‌ది 38. బ్రెజిల్‌లో దాని పేరు కోమె కోమె. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. కార్ట్రిడ్జి మా దగ్గర ఉంది, దాన్ని ఎవరూ వచ్చి పట్టుకుపోరు, అంతవరకే తెలుసు. దుకాణాల్లో దొరకడం లేదని తెలిశాక శనివారాల్లో దాని హోదా పెరిగింది. అటారీ పిల్లలు అప్పు అడిగేవాళ్ళు. ఇచ్చి ఏం లాభం, వాళ్ళ పెట్టెలో పట్టదు. ఆడాలంటే మా ఇంటికే రావాలి.

ఎవరెట్ ఊరుకోలేదు. అదే ఏడు మంచ్‌కిన్‌ని మళ్ళీ తెచ్చాడు, ఈసారి కె. సి.'స్ క్రేజీ చేజ్. ఇందులో వాడు చుక్కలు తినడు. డ్రాటపిల్లర్ అనే గొంగళిపురుగు వెనకపడి దాని ఒంటి కణుపుల్ని తోక నుంచి ఒక్కొక్కటే కొరుక్కు తింటాడు. అటారీ వాళ్ళ సెంటిపీడ్ తెలిసినవాళ్ళకి ఆ చురక ఎవరికి తగులుతుందో చెప్పనక్కర్లేదు. పెట్టె మీద ఇంకో పెట్టె తగిలిస్తే ఆట మాట్లాడుతుంది కూడా. మంచి ఆటే. కానీ పురుగు పెద్దది, కళ్ళకి కనబడుతుంది, పారిపోయే చుక్కలోని టక్కు దానికి లేదు. బావకి మాత్రం ఇదే నచ్చింది.

1983 వచ్చేసరికి మార్కెట్టు మునిగింది. కుప్పలుగా తయారైన ఆటలు కుప్పలుగానే దుకాణాల గుమ్మాల దగ్గర బుట్టల్లోకొచ్చి పడ్డాయి. నిన్నటిదాకా నాన్న ధర చూసి తలతిప్పుకున్నవి చిల్లరకి దొరికేవి. మా ఒడిస్సీకి అన్నిటికంటే ఎక్కువ కార్ట్రిడ్జిలు చేరింది అది చనిపోతున్నప్పుడే. నాన్న బుట్టలో చెయ్యి పెట్టి, పేరు కూడా చూడకుండా, "ఇంత చవగ్గా వస్తుంటే" అంటూ ఏరేవాడు. మరుసటేడుకి అమెరికాలో ఒడిస్సీ 2 కథ ముగిసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి నాన్న నిజం కంప్యూటరు కొన్నాడు, దాని మీటలు నొక్కితే చప్పుడొచ్చేది. ఒడిస్సీ, పన్నెండు చుక్కలు, పిడులున్న కార్ట్రిడ్జిలు అన్నీ ఒక గరాజ్ సేల్‌లో ఒక ముసలాయన మనవడి కోసం పట్టుకెళ్ళాడు. టీవీ వెనక స్విచ్ ఎలా బిగించాలో నేనే చూపించాను.

శేఖర్ బావ ఇప్పుడు డాలస్‌లో గుండె డాక్టరు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా మా ఇద్దరి మనవలకీ వినబడేలా, కనిపించని చిక్కుదారిలో అందరికంటే ఎక్కువ స్కోరు తనదేనని చెప్తాడు. కాదు. ఆ రాత్రి భోజనాలకి పిలిచే టైముకి తెరమీద ఉన్నది నా ఆరు అక్షరాలు. నాగేశ్వరరావు సినిమా కోసం మామయ్య వచ్చి స్విచ్ తోసేశాడు కాబట్టి సాక్ష్యం లేదు. "సాక్ష్యం లేకపోతే కేసు లేదు, అనసూయ్" అంటాడు బావ. నేను అప్పీలుకెళ్తూనే ఉన్నాను.